ఆయాసం వెనుక రంది

గద్వాల పత్తి విత్తన చేలల్లో కూలికి పోయేవాళ్లు, మగ్గం గుంటలో కూర్చునే నేతన్న, వనపర్తి, నాగర్‌కర్నూల్ పల్లెల నుంచి ముంబయికి వలసపోయిన మేస్త్రీ. వీళ్లకు గుండె వైఫల్యం వస్తే మొదట పోయేది పని. నాలుగడుగులకే ఆయాసం, వెల్లకిలా పడుకుంటే ఊపిరాడదు, పాదాలకు వాపు. ఉప్పు తగ్గించాలి, పచ్చడి మానాలి. నిన్నటిదాకా ఇల్లు నడిపిన మనిషి బిళ్లల డబ్బు కోసం కొడుకు ముఖం చూడాల్సి వస్తుంది. ఆ తర్వాత ముభావం. 'రంది పెట్టుకున్నడు' అని ఊరు వదిలేసేది దీన్నే.

గుండె వైఫల్యం ఉన్న ప్రతి ఐదుగురిలో సుమారు ఒకరికి చికిత్స అవసరమైనంత డిప్రెషన్ ఉందని వివిధ దేశాల అధ్యయనాలను కలిపి చూసిన 2006 నాటి విశ్లేషణ తేల్చింది. వాళ్లలో మరణాలూ, మళ్లీ ఆస్పత్రిలో చేరడమూ ఎక్కువే. మన దేశంలో గుండె వైఫల్యం అసలే కఠినమైనది. 2013లో తిరువనంతపురం జిల్లాలో నమోదు చేసిన 1,205 మంది రోగుల సగటు వయసు 61 ఏళ్లు. ఏడాది తిరిగేసరికి దాదాపు మూడో వంతు మంది లేరు.

వీళ్లలో డిప్రెషన్ ఎందుకు బయటపడదంటే, నీరసం, నిద్రలేమి, ఆకలి చచ్చిపోవడం రెండు జబ్బుల్లోనూ ఉంటాయి. డాక్టర్ అదంతా గుండె ఖాతాలో రాస్తారు, ఇంట్లోవాళ్లు వయసు ఖాతాలో. రోగి 'పానం మంచిగ లేదు' అని ఊరుకుంటాడు. మనసు విరిగినవాడు బిళ్లలు సరిగా వేసుకోడు. ఒంట్లో నీరు తీసే బిళ్ల మాటిమాటికీ మూత్రానికి లేపుతుంది కాబట్టి ముందు మానేసేది దాన్నే. నీరు చేరుతుంది, మళ్లీ ఆస్పత్రి.

మరి మనసుకూ ఓ బిళ్ల రాస్తే సరిపోదా? డిప్రెషన్ మందులైన సెర్ట్రలిన్ మీద 2010లో, ఎస్సిటాలోప్రామ్ మీద 2016లో వెలువడిన, గుండె వైఫల్య రోగులతో చేసిన ప్రయోగాల ఫలితాల్లో ఆ మందులు ఉత్తుత్తి బిళ్లల కంటే మెరుగని తేలలేదు. 2015లో అమెరికా ప్రయోగం ఒకటి మాటలతో చేసే చికిత్స డిప్రెషన్‌ను తగ్గించిందని చూపింది. రోగి తన జబ్బును చూసుకునే తీరు మాత్రం దాంతో మారలేదు. అంటే ఒక్క ఉపాయంతో తెగే చిక్కు కాదిది.

తెలంగాణలో ఉచిత వైద్య పథకం ఆరోగ్యశ్రీ పరిమితి 2023 డిసెంబరులో 10 లక్షల రూపాయలకు పెరిగింది. మంచిదే, కానీ ఆ సొమ్ము ప్రధానంగా ఆస్పత్రి పడక మీది చికిత్సకే. ఇంటికొచ్చాక పట్టుకునే రందిని ఎవరు అడుగుతారు? వనపర్తి, నాగర్‌కర్నూల్‌లో 2022లో, గద్వాలలో 2024లో ప్రభుత్వ వైద్య కళాశాలలు వచ్చాయి. ఏఎన్‌ఎం, ఆశా కార్యకర్తలు బీపీ, షుగర్ కోసం ఇళ్లకు వెళ్తూనే ఉన్నారు. రెండు వారాలుగా దేనిమీదా ఆసక్తి లేదా, దిగులుగా ఉంటోందా అన్న రెండు ప్రశ్నలు ఆ పలకరింపులోనే చేర్చి, అవునన్నవాళ్లను కళాశాల ఆస్పత్రి మానసిక విభాగానికి పంపితే చాలు. దీనికి కొత్త పథకం అక్కర్లేదు, జిల్లా వైద్యాధికారి ఆదేశం కావాలి.

ఈలోగా ఇంట్లో అలాంటి రోగి ఉంటే మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ నంబరు 14416కు ఫోన్ చేయండి. ఉచితం, రాత్రీపగలూ పలుకుతుంది, తెలుగులో మాట్లాడొచ్చు.