వెండి రూపాయికి రెండు వెలలు

హోసూరు నుంచి ఒక సోదరి రాసిన ఉత్తరంతో ఈసారి మన ‘పాతపెట్టె’ తెరుస్తున్నాను. తల్లిగారు కాలం చేశాక బీరువా సర్దుతుంటే ఎర్ర గుడ్డమూటలో ముప్ఫై వెండి రూపాయలు దొరికాయట. సంతానం ముగ్గురు. “తలా పది తీసుకుంటే సరిపోతుందా? లేక షరాబు దగ్గర తూకం వేయించి, డబ్బు చేసి పంచుకోవాలా?” అని ఆమె ప్రశ్న.

రెండూ వద్దని నా సలహా. లెక్కపెట్టి పంచితే ఒకరికి అన్యాయం జరగవచ్చు. తూకానికి ఇస్తే ముగ్గురికీ జరగవచ్చు. అదెలాగో చెబుతాను. ఇలాంటి మూటలు మన ఇళ్ళలో చాలానే ఉన్నాయి. తాతముత్తాతలు ఊరు వదిలి వచ్చినప్పుడు భూమిని వెంట తెచ్చుకోలేరు కదా, రూపాయలు తెచ్చుకున్నారు.

ముందుగా మూట విప్పి, తెల్ల గుడ్డ మీద రూపాయలన్నీ పరచండి. కడగవద్దు, తుడవవద్దు. ఆ సంగతి తరువాత చెబుతాను. బొమ్మ వైపు ఎవరున్నారో చూసి వేరు చేయండి. 1840 నుంచి 1901 దాకా విక్టోరియా రాణి. 1903 నుంచి 1910 దాకా ఏడవ ఎడ్వర్డు, తలమీద కిరీటం లేకుండా ఉంటాడు. 1911 నుంచి అయిదవ జార్జి, గడ్డంతో. 1938 నుంచి 1945 దాకా ఆరవ జార్జి, గడ్డం లేని రాజు. 1835 నాటి నాలుగవ విలియం రూపాయి ఉంటే అది ఇంకా పాతది.

మన పెద్దవాళ్ళు “రూపాయి ఎత్తు” అనేవారు గుర్తుందా? అది ఊరికే పుట్టిన మాట కాదు. ఆ రూపాయి సరిగ్గా తులం, అంటే ఇప్పటి లెక్కలో 11.66 గ్రాములు. ఈ రోజు నగల దుకాణంలో తులమంటే పది గ్రాములే అంటున్నారు, అది వేరే సంగతి. 1835 నుంచి 1939 దాకా అచ్చయిన ప్రతి రూపాయిలోనూ పన్నెండు పాళ్ళకు పదకొండు పాళ్ళు వెండే. అంటే రూపాయికి 10.69 గ్రాముల అసలు వెండి.

1940లో పరిస్థితి మారిపోయింది. రెండవ ప్రపంచయుద్ధం జరుగుతోంది. జనం వెండి రూపాయలు దాచుకుంటున్నారు, బజారులో కనబడటం లేదు. ఆ ఏడాది ప్రభుత్వం ఒక రూపాయి నోటును బయటికి తెచ్చింది. రూపాయి నాణెంలో వెండిని సగానికి దించింది. అప్పటి నుంచి నూటికి యాభై పాళ్ళు వెండి, నలభై రాగి, అయిదు నికెలు, అయిదు తుత్తునాగం. బరువు మాత్రం అదే 11.66 గ్రాములు. చేతిలో పెట్టుకుంటే తేడా తెలియదు. కాని అసలు వెండి 5.83 గ్రాములే.

ఇప్పుడు మన సోదరి ప్రశ్నకు వద్దాం. పెద్దాయన వాటాకు వచ్చిన పదీ విక్టోరియా, ఎడ్వర్డు రూపాయలనుకోండి, ఆయనకు దాదాపు 107 గ్రాముల వెండి ముట్టింది. చిన్నవాడికి వచ్చిన పదీ 1944వి అయితే అతనికి దక్కింది 58 గ్రాములు. ఇద్దరి చేతిలోనూ పదేసి రూపాయలే! అంచేత పంపకానికి కూర్చునేముందు 1939 దాకా ఒక కుప్ప, 1940 నుంచి ఒక కుప్ప చేసి, ఒక్కో కుప్పనూ విడిగా పంచుకోవాలి. బొరుసు వైపు పులి బొమ్మతో 1947 రూపాయి ఉంటే అందులో వెండి అసలు లేదు, అది నికెలు. అయస్కాంతం దగ్గర పెడితే అంటుకుంటుంది.

ఇంతవరకు చెప్పింది లోహం వెల. షరాబుకు కావలసింది ఇదే. నాణేలు సేకరించేవారు ఇక్కడ మొదలుపెట్టి ముందుకు పోతారు. ఏ సంవత్సరం, ఏ టంకశాల, ఎంత అరిగింది, ఆ రకం ఎందరికి కావాలి అని చూస్తారు. పాతదయితే విలువెక్కువ అనుకోవడం పొరపాటు. 1862 అని ఉన్న విక్టోరియా రూపాయినే తీసుకోండి. ఆ సంవత్సరాన్ని మార్చకుండా 1874 దాకా అలాగే అచ్చువేస్తూ పోయారు. కొట్లకొద్దీ బయటికి వచ్చాయి. అచ్చు ఏ ఏడాదిదో గుర్తుపట్టడానికి బొంబాయివారు బొరుసు మీద చిన్న చుక్కలు పెట్టారు. మామూలు 1862కు పెద్ద ధర పలకదు. చుక్కల లెక్కను బట్టి కొన్నిటికి మాత్రం సేకరణదారులు ఎగబడతారు. భూతద్దం అవసరం ఇక్కడే.

1911 రూపాయి కథ అందరికీ చెప్పదగ్గది. అయిదవ జార్జి పట్టాభిషేకం తరువాత వచ్చిన మొదటి రూపాయి అది. రాజుగారి అంగీ మీద హారంలో చిన్న ఏనుగు బొమ్మ ఉంది. చెక్కినవాడు తొండం పొట్టిగా చెక్కాడో ఏమో, చూసినవారికది పందిలా కనిపించింది. గోల పుట్టింది. హిందువుకు ఒక రకంగా, ముస్లింకు మరో రకంగా బాధ కలిగించే సంగతి కదా! 94 లక్షలు అచ్చువేస్తే జనంలోకి పోయినవి సుమారు ఏడు లక్షలే, మిగిలినవి కరిగించేశారు. 1912 నుంచి తొండం పొడుగు చేసి ఏనుగును ఏనుగులాగే చూపించారు. కాబట్టి మీ మూటలో 1911 కనబడితే దానిని విడిగా పెట్టండి. తూకంలో మాత్రం 1912కూ దానికీ రవ్వంత తేడా లేదు.

ఆరవ జార్జి రూపాయల్లో అందరూ వెతికేది 1939. మంచి వెండితో అచ్చయిన చివరి సంవత్సరమది, జనంలోకి వచ్చినవి చాలా తక్కువ. ధర ఎక్కువ కనుక దొంగ నాణేలూ ఎక్కువే. వేరే సంవత్సరపు రూపాయి మీద చివరి అంకెను చెక్కి 9 చేసేవారున్నారు. ఒక ఆనవాలు చెబుతాను. అసలు 1939 అంచు మీద నిలువు గీతలు మాత్రమే ఉంటాయి. 1940 తరువాతి వాటికి అంచు మధ్యలో నకిలీలను అరికట్టడానికి గాడి కొట్టారు. 1939 అని రాసి, అంచున గాడి ఉంటే ఆ నాణేన్ని నమ్మవద్దు. ఈ పరీక్షలో నెగ్గినంత మాత్రాన అసలుదేనని కూడా అనుకోవద్దు, ఎందుకంటే 1938ని దిద్దితే అంచు సరిగానే ఉంటుంది. తెలిసినవారు ఇద్దరికి చూపించాలి.

టంకశాల గుర్తులు చిన్నవి. అయిదవ జార్జి రూపాయల్లో బొరుసు కింది పువ్వు దగ్గర ఉబ్బెత్తు చుక్క ఉంటే బొంబాయి, ఏమీ లేకపోతే కలకత్తా. 1944, 1945లలో ‘ఎల్’ అక్షరం ఉంటే లాహోరు. లాహోరు పేరు వినగానే అపురూపమనుకుంటారు, కాని అవి విస్తారంగానే దొరుకుతాయి.

ఇక కడగడం సంగతి. ఇది మన ఇంటి ఆడవారితో మాట్లాడవలసిన విషయం, జాగ్రత్తగానే మాట్లాడతాను. శ్రావణ శుక్రవారానికి కలశం ముందు పెట్టే రూపాయిని చింతపండుతోనో, విభూతితోనో, డబ్బాలో వచ్చే పొడితోనో తోమి తళతళలాడించడం మన అలవాటు. అమ్మవారి ముందు మకిలి నాణెం పెట్టలేం. కాని తోమిన ప్రతిసారీ వెండి పైపొర కొంత పోతుంది. అచ్చు దిమ్మె దెబ్బకు నాణెం మీద ఏర్పడే సహజమైన మెరుపు ఒకటుంటుంది. నాణేన్ని వెలుగులో అటూ ఇటూ తిప్పితే ఆ మెరుపు గాలిమరలా తిరుగుతుంది. తోమితే అది పోయి, సన్నని గీతలతో చచ్చు తెలుపు మిగులుతుంది. మనకది శుభ్రం. సేకరణదారుకది దెబ్బతిన్న సరుకు. నల్లబడిన నాణేన్ని వాళ్ళు తప్పు పట్టరు. వెండి నలుపు ఎక్కడం సహజం, కొందరికి ఆ నీలిరంగు ఛాయలే ఇష్టం.

నేననేదేమిటంటే, పూజకు రెండు మూడు రూపాయలు ఏర్పాటు చేసుకోండి. 1940 తరువాతివి, బాగా అరిగినవి అందుకు చాలు. వాటిని హాయిగా తోముకోండి. మిగిలినవాటి జోలికి పోకండి. విడివిడిగా కాగితపు కవర్లలో పెట్టండి. రబ్బరు బ్యాండు వేయవద్దు, అందులోని గంధకం వెండిని నల్లబరుస్తుంది. మెత్తని ప్లాస్టిక్ కవర్లు కొన్నేళ్ళకు పచ్చని జిగురు వదులుతాయి.

అరుగుదలను బట్టి ఫైన్, వెరీ ఫైన్, ఎక్స్‌ట్రా ఫైన్, అన్‌సర్క్యులేటెడ్ అని మెట్లున్నాయి. ఆఖరి మాటకు చేతులు మారనిది అని అర్థం. అమెరికాలో షెల్డన్ అనే ఆయన 1949లో ప్రతిపాదించిన డెబ్భై మార్కుల పద్ధతి ఇప్పుడు మన దేశపు వేలాల్లోనూ వాడుతున్నారు. కిరీటం మీది నగిషీ, కనుబొమ్మ, చెవి, ఇవే మొదట అరుగుతాయి. మొదట చూసేది అక్కడే. ఒకే సంవత్సరం రూపాయలు రెండింటిలో ఒకటి వెండి ధరకు పోతే, ఇంకొకటి దానికి ఎన్నో రెట్లు పలకవచ్చు. రూపాయికి కొక్కెం అతికించి పతకంలా మెడలో వేసుకున్నదయితే, ఎంత అరుదైనదైనా సేకరణ విలువ చాలావరకు పోయినట్టే.

గుల్బర్గా, రాయచూరు, బీదరు, నాందేడు వైపు ఉన్న మనవారి ఇళ్ళలో ఇంకో రకం ఉండవచ్చు. ఆ ప్రాంతాలు నిజాం రాజ్యంలోవి. అక్కడ చెల్లింది హాలీ సిక్కా. ఒకవైపు చార్మినార్ ఉంటుంది. బరువు 11.18 గ్రాములు, వెండి నూటికి 82 పాళ్ళ దాకా. ఇంగ్లీషు రూపాయలు ఆరుకు హాలీ రూపాయలు ఏడు ఇచ్చేవారు. చివరి నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ కాలపు రూపాయల్లో చార్మినార్ ద్వారం మధ్య ఆయన పేరులోని మొదటి ఉర్దూ అక్షరం ‘ఐన్’ ఉంటుంది. మొదట్లో దానిని కురచగా, తరువాత పూర్తిగా చెక్కారు. సేకరణదారులు ఈ రెండింటినీ వేరు వేరు రకాలుగా లెక్కిస్తారు. హిజ్రీ సంవత్సరం, నిజాం పాలనా సంవత్సరం రెండూ దాని మీద ఉంటాయి. ఉర్దూ చదవగలిగిన పొరుగువారుంటే చూపించండి.

స్వాతంత్ర్యం తరువాతి వాటిలో మన ఇళ్ళలో ఎక్కువగా కనిపించేది 1969 గాంధీ శతజయంతి పది రూపాయల నాణెం. 15 గ్రాములు, నూటికి 80 పాళ్ళు వెండి, అంటే 12 గ్రాములు. 1972లో స్వాతంత్ర్య రజతోత్సవానికి వచ్చిన పది రూపాయలు చూపుకు ఇంకా పెద్దది, 22.5 గ్రాములు. కాని సగమే వెండి కనుక 11.25 గ్రాములు. పెద్ద బిళ్ళలో చిన్న బిళ్ళ కంటే తక్కువ వెండి! గాంధీ నాణెం బొంబాయిలో లక్షలకొద్దీ, కలకత్తాలో చాలా కొద్దిగా అచ్చయింది, కాబట్టి కలకత్తాది అరుదు. అదే గాంధీ బొమ్మతో ఉన్న ఒక రూపాయి, 1964 నెహ్రూ రూపాయి వెండివి కావు, నికెలువి.

2023 ఆగస్టు 28న రాష్ట్రపతి ద్రౌపది ముర్ము విడుదల చేసిన ఎన్.టి.రామారావు శతజయంతి వంద రూపాయల నాణెం మనవారు చాలామంది తెప్పించుకున్నారు. 35 గ్రాములు, హైదరాబాదు టంకశాలది. దాని మిశ్రమం చూడండి, సగం వెండి, నలభై పాళ్ళు రాగి, అయిదు నికెలు, అయిదు తుత్తునాగం. అంటే 1940 యుద్ధకాలపు రూపాయి పాళ్ళే! ముఖవిలువ వంద, లోపలి వెండి 17.5 గ్రాములు, టంకశాల అమ్మిన ధర వేలల్లో. ఇలాంటివి అభిమానంతో కొనుక్కుంటే తప్పులేదు. లాభానికని కొనడం నాకు నచ్చదు. కొన్నవాళ్ళందరూ పెట్టెలోనే దాచుకుంటే అరుదు ఎలా అవుతుంది? అమ్మదలిస్తే పెట్టెతో, కాగితంతో సహా ఉంటేనే ధర.

నగల దుకాణంవాళ్ళిచ్చే లక్ష్మీ బిళ్ళలు నాణేలు కావు. వాటికి తూకం తప్ప వేరే వెల లేదు. “మీ పాత నాణేనికి లక్షలిస్తాం, ముందు రుసుము కట్టండి” అనేవాళ్ళను నమ్మవద్దు. రిజర్వు బ్యాంకు పేరు వాడుకుని ఇలా మోసం చేస్తున్నారని ఆ బ్యాంకే 2021లో హెచ్చరించింది.

పిల్లలు విదేశాల్లో ఉన్నవారికి ఇంకొక్క మాట. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం నూరేళ్ళు దాటిన నాణెం పురావస్తువే. సొంతదైనా, అమ్మమ్మ ఇచ్చినదైనా, దానిని మనంతట మనం దేశం దాటించకూడదు. విక్టోరియా, ఎడ్వర్డు రూపాయలన్నీ ఆ గీత దాటాయి. అయిదవ జార్జి రూపాయల్లో 1922 వరకు ఉన్నవీ దాటాయి. మనవరాలికి ఇవ్వాలనుకుంటే, సామానులో పెట్టి పంపకుండా ఆమె పేరు రాసిన కవరులో ఇక్కడే దాచి ఉంచండి.