వంతెన మీద సాధన

పక్క ఫ్లాట్‌లో పిల్లాడు వయొలిన్ నేర్చుకుంటుంటే మొదటివారం ముచ్చట పడతాం. రెండోవారం తలుపులు వేసుకుంటాం. మూడోవారం మెట్ల దగ్గర వాళ్ల నాన్న కనిపిస్తే 'కాస్త మెల్లగా వాయించమనండి' అనేస్తాం. సంగీతం నేర్చుకునేవారికి ఎక్కడైనా ఈ బాధ ఉన్నదే. కానీ, అప్పటికే ప్రపంచం చప్పట్లు కొట్టిన విద్వాంసుడికీ ఇదే ఇబ్బంది ఎదురైతే?

ఆయన పేరు సోనీ రోలిన్స్. జాజ్ శాక్సోఫోన్ విద్వాంసుడు, స్వరకర్త. 1930లో న్యూయార్క్‌లోని హార్లెంలో పుట్టారు. అమ్మానాన్నలు కరీబియన్ దీవుల నుంచి వచ్చినవారు. ఇరవై ఏళ్లకే మైల్స్ డేవిస్, థెలోనియస్ మంక్ లాంటి ఉద్దండుల పక్కన నిలబడి వాయించారు. ఆ వయసులోనే హెరాయిన్‌కూ అలవాటు పడ్డారు. దోపిడీ కేసులో జైలుకెళ్లారు. చివరికి 1955లో తనంతట తానే కెంటకీలోని ప్రభుత్వాసుపత్రిలో చేరి ఆ మత్తు వదిలించుకున్నారు. బయటికొచ్చాక వెంటనే వేదిక ఎక్కలేదు. పాత స్నేహాలు మళ్లీ లాగేస్తాయన్న భయంతో షికాగోలో కొన్నాళ్లు ఊడ్చి, తుడిచే పనిచేశారు.

ఆ మరుసటేడాదే 'శాక్సోఫోన్ కొలోసస్' ఆల్బమ్ రికార్డు చేశారు. అందులోని 'సెయింట్ థామస్' చిన్నప్పుడు అమ్మ నోట విన్న బాణీతో అల్లినది. జాజ్ అభిమానులకు అది కంఠోపాఠం! ఇక ఆయనకు తిరుగులేదన్నారంతా.

ఒక్కరు తప్ప. ఆ ఒక్కరూ ఆయనే.

పేరు ముందు పరిగెడుతోంది, విద్య వెనకబడుతోంది అనిపించిందాయనకు. 1959లో కచేరీలన్నీ ఆపేశారు. అప్పటికి వయసు 28. అందరూ డబ్బు, పేరు వెనకేసుకునే సమయం! ఇంట్లోనే కూర్చుని సాధన చేద్దామంటే పక్కింటావిడ నిండు గర్భిణి. ఈ మోతకి ఆమె ఏమైపోతుందోనన్న దిగులు. అలా నడుస్తూ వెళ్తుంటే ఈస్ట్ నది మీది విలియమ్స్‌బర్గ్ వంతెన కనిపించింది. పక్కన రైళ్లు, కార్లు, కింద ఓడల కూతలు. ఎంత గట్టిగా ఊదినా అడిగేవారు లేరు. ఇంకేం, అదే ఆయన సాధనశాల అయింది. ఎండైనా చలైనా రోజూ అక్కడే. ఒక్కోరోజు పదిహేను గంటల దాకా! ఇల్లు గడవడానికి, తర్వాత ఆయన్ను పెళ్లాడిన లూసిల్ ఉద్యోగం చేసింది. ఆమె ఓపికకూ ఆ సాధనలో సగం వాటా ఇవ్వాల్సిందే.

రెండేళ్లు గడిచాయి. 1961 చివర్లో ఆయన మళ్లీ వేదికెక్కారు. 1962లో వచ్చిన ఆల్బమ్ పేరే 'ది బ్రిడ్జ్'. ఇన్నాళ్లు మాయమైన మనిషి ఏదో అద్భుతం పట్టుకొస్తాడని ఎదురుచూసిన విమర్శకులు కొందరు 'ఇంతేనా, మునుపటిలాగే ఉందే' అని పెదవి విరిచారు. కానీ ఆయన వెళ్లింది వారిని మెప్పించడానికి కాదుగా! తన చెవికి తన లోపం వినిపించింది, దాన్ని సరిదిద్దుకోవడానికి వెళ్లారు.

ఆ వెతుకులాట అక్కడితో ఆగలేదు. 1960ల చివర్లో మళ్లీ విరామం తీసుకుని మనదేశానికి వచ్చారు. ముంబయి దగ్గర పొవాయ్‌లోని ఆశ్రమంలో కొన్ని నెలలున్నారు. కుదురుగా కూర్చుని ధ్యానం చేయడం తన వల్ల కావడం లేదని చెబితే, నీకు వాయించడమే ధ్యానం అని అక్కడివారు చెప్పారట.

2001 సెప్టెంబరు 11న న్యూయార్క్ జంట భవనాలు కూలినప్పుడు ఆయన ఇల్లు అక్కడికి కొద్ది వీధుల దూరమే. అధికారులు ఖాళీ చేయిస్తే శాక్సోఫోన్ ఒక్కటి పట్టుకుని బయటికొచ్చారు. వయసు 71. కచేరీ మానేద్దామనుకుంటే లూసిల్ వెళ్దామని పట్టుబట్టింది. నాలుగో రోజున బోస్టన్‌లో వాయించారు. ఆ కచేరీ 2005లో ఆల్బమ్‌గా వచ్చింది. అందులోని ఒక వాదనకు గ్రామీ పురస్కారం దక్కింది. అది చూడటానికి లూసిల్ లేదు, 2004లోనే కన్నుమూసింది.

ఊపిరితిత్తుల జబ్బుతో 2014లో ఆయన వాద్యాన్ని పూర్తిగా పక్కన పెట్టాల్సి వచ్చింది. మొదట్లో కుమిలిపోయారు. తర్వాత, బతుకంతా సంగీతంతో గడిపే అదృష్టం దొరికింది కదా అని సర్దిచెప్పుకొన్నారు.

అభ్యాసం కూసువిద్య అంటారు మన పెద్దలు. ఆ మాట పిల్లలకు మాత్రమే అనుకుంటాం. మొదటి ర్యాంకు రాగానే, ప్రమోషన్ అందగానే ఇక నేర్చుకోవాల్సిందేమీ లేదనుకుంటాం. లోకం మెచ్చుకుంటున్నప్పుడు 'ఇంకా సరిగా రాలేదు' అని తనకు తాను చెప్పుకోగలగడం అన్నిటికంటే కష్టమైన విద్య.

ఈసారి పక్క ఫ్లాట్ నుంచి అపస్వరం వినిపిస్తే, ఇంకొక్క వారం ఓపిక పట్టండి. ఆ పిల్లాడికి వంతెన ఎక్కడుంది మరి!