ఎదురు పేజీలో తెలుగు

కోనసీమలో తాటిపాక సెంటర్లో బస్సు దిగి, బడి నుంచి వస్తున్న ఏ పిల్లలనైనా బ్లోఔట్ అంటే ఏమిటని అడగండి. తడుముకోకుండా ‘మంటండి’ అంటారు. వాళ్లు పుట్టకముందే ఆరిపోయిన మంట అది. 1995 జనవరి 8న పక్కనున్న పాశర్లపూడిలో ఓఎన్జీసీ తవ్వుతున్న 19వ నంబరు బావి అదుపు తప్పి అంటుకుంది. 65 రోజులు మండింది. చుట్టుపక్కల వాళ్లు పిల్లాపాపలతో ఇళ్లు వదిలి వెళ్లారు. ఆ రాత్రులు చూసిన అమ్మమ్మల నోటి నుంచే ఈ పిల్లలకు ఆ ఇంగ్లీషు మాట వచ్చింది. నిఘంటువులో వెతికి నేర్చుకున్నది కాదు.

అయితే ఆ మాట వాళ్లకు సగమే వచ్చింది. బావి లోపలి ఒత్తిడికి పగ్గం తెగి గ్యాసు, బురద ఒక్కసారిగా పైకి ఎగదన్నడం బ్లోఔట్. ఆ తర్వాత మంట రేగవచ్చు, రేగకపోవచ్చు. మొన్న ఈ మాటే చెబుతుంటే తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతె, ‘కుక్కర్ వెయిటు ఎగిరిపోయినట్టాండీ?’ అంది. అంతే తల్లీ. పొయ్యి కట్టేసినా కుక్కర్ లోపల ఆవిరి ఉంటుంది కదా, అదీ అంతే. అక్కడి నుంచి, దాన్ని ఆపే బ్లోఔట్ ప్రివెంటర్ అనే పొడుగాటి మాట చెప్పడానికి రెండు నిమిషాలు పట్టలేదు. మంట కనబడలేదు కాబట్టి ప్రమాదం లేదనుకోకూడదని ఆ అమ్మాయే పక్క పిల్లకు చెప్పింది.

తాటిపాక చుట్టూ ఇలాంటి మాటలు కొబ్బరి చెట్లంత గుబురుగా ఉన్నాయి. రిగ్గు, వెల్, జీసీఎస్ అనే గ్యాసు సేకరణ కేంద్రం, ఫ్లేర్. 2001లో మొదలైన మినీ రిఫైనరీ ఏడాదికి 66 వేల టన్నుల ముడిచమురు శుద్ధి చేసే సామర్థ్యంతో వచ్చి నాఫ్తా అనే మాటను కూడా ఊళ్లోకి తెచ్చింది. అరటి గెలలు అమ్ముకునే మనిషి ‘రిగ్గు పక్క చేను’ అని గుర్తు చెబుతాడు. రాత్రిపూట కొబ్బరి మట్టల సందుల్లోంచి కనిపించే ఎర్రటి వెలుగు ఫ్లేర్ అని తెలియని వాళ్లు తక్కువ. మిగిలిన గ్యాసును ఎందుకు కాల్చేస్తారో, కాల్చకుండా గాలిలోకి వదిలేస్తే ఏమవుతుందో చెప్పేవాళ్లు ఇంకా తక్కువ. నేరుగా వదిలితే మీథేన్ భూమిని మరింత వేడెక్కిస్తుంది. ఉద్గారం, కార్బన్, గ్రీన్‌హౌస్ వాయువు అని పరీక్ష కోసం బట్టీ పట్టే పాఠమంతా ఆ వెలుగులో ఉంది. కిటికీ తెరిచి చూపించి చెప్పే వీలు ఎన్ని ఊళ్లకు దక్కుతుంది?

కానీ మాట తెలిసినంత మాత్రాన ప్రాణం నిలవదని కూడా ఈ సీమే చూసింది. 2014 జూన్ 27 తెల్లవారుజామున తాటిపాకకు ఆనుకున్నంత దగ్గరలో ఉన్న నగరం అనే ఊళ్లో, కొండపల్లి వైపు గ్యాసు తీసుకెళ్లే గెయిల్ పైప్‌లైన్ పేలింది. 20 మందికి పైగా చనిపోయారు. కొబ్బరి చెట్లు నిలువునా మాడిపోయాయి. లీకేజీ అన్న మాట ఆ ఊరి వాళ్లకు తెలియక కాదు. వాసన వస్తోందని ముందు నుంచీ చెబుతూనే ఉన్నామని వాళ్లు కన్నీళ్లతో అన్నారు. పొడి గ్యాసు కోసం వేసిన గొట్టంలో నీటి తేమ ఉన్న గ్యాసు పారిందని, గొట్టాన్ని లోపలి నుంచి తుప్పు తినేసిందని తర్వాత విచారణలో తేలింది. డ్రై గ్యాస్, వెట్ గ్యాస్ అన్న తేడా అప్పటిదాకా కాగితాల మీదే ఉండిపోయింది. ఉప్పుగాలికి కిటికీ ఊచలు తుప్పు పట్టడం ఏటా చూసే కోనసీమ మనిషికి కరోజన్ అంటే ఏమిటో వివరించాలా? గొట్టంలో ఏం పారుతోందో చెప్పి ఉంటే చాలు, అడగాల్సినవి వాళ్లే అడిగేవారు.

ఇప్పుడు అందరి నోటా సస్టెయినబిలిటీ అన్న మాట వినిపిస్తోంది. తెలుగులో సుస్థిరత అంటున్నాం, ఆ మాట ఇంకా అతిథిలాగే ఉంది. కొబ్బరి దింపు కార్మికుడిని చూస్తే అది ఇంటి మనిషి అవుతుంది. చెట్టెక్కిన అతను ముదిరిన గెలే కోస్తాడు. లేత గెల జోలికి పోడు, మొవ్వకు కత్తి తగలనివ్వడు, మళ్లీ దింపుకి రావాలి కనుక. డొక్క పీచు తాడవుతుంది, పొట్టు మొక్కల కుండీల్లోకి వెళ్తుంది. చెట్టుకు మళ్లీ దింపు ఉంది, బావికి లేదు. తోడిన గ్యాసు తోడినట్టే పోతుంది. రెన్యువబుల్ అంటే ఏమిటో, డిప్లీషన్ అంటే ఏమిటో ఒకే చేలో పక్కపక్కన నిలబెట్టి చూపించవచ్చు. గ్యాసు తోడుతుంటే నేల కుంగుతుందేమోనన్న భయం కోనసీమ రైతుల్లో ఎన్నాళ్లుగానో ఉంది. అది తేల్చాల్సింది శాస్త్రజ్ఞులే. ఆ చర్చలో రైతు కూర్చోవాలంటే మాత్రం వాళ్ల మాటలు అతనికీ తెలియాలి.

మన ప్రభుత్వ బడుల్లో 2020 నుంచి పాఠ్యపుస్తకాలు రెండు భాషల్లో వస్తున్నాయి. ఒక పేజీలో ఇంగ్లీషు, ఎదురు పేజీలో అదే పాఠం తెలుగులో. పిల్లలకు ఇంత శ్రద్ధ చేసినవాళ్లం, పెద్దల చేత సంతకం పెట్టించే కాగితానికి ఎందుకు చేయకూడదు? చేను లీజుకిచ్చే రైతు చేతిలో పడే ఒప్పందం, గొట్టం వెళ్లే దారికిచ్చే నోటీసు, ప్రమాదం జరిగితే ఎటు పరుగెత్తాలో చెప్పే ప్రణాళిక, అన్నీ ఎదురెదురు పేజీల్లో ఉండాలి. ప్రజాభిప్రాయ సేకరణ జరిగే ప్రాజెక్టులకు పర్యావరణ నివేదిక సారాంశం స్థానిక భాషలో ఇవ్వాలని 2006 నాటి పర్యావరణ ప్రభావ అంచనా నోటిఫికేషన్ చెబుతూనే ఉంది. సారాంశం చాలదు. అసలు నివేదికలో భయపడాల్సిన పేజీ ఏదో సారాంశం చెప్పదు. ఆ నోటిఫికేషన్ కొత్త ముసాయిదాను రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులోని 22 భాషల్లోకి తేవాలని 2020 జూన్ 30న ఢిల్లీ హైకోర్టు ఆదేశించింది. అంటే అడగడం గొంతెమ్మ కోరిక కాదు. సీఎస్‌ఆర్ (కంపెనీల సామాజిక బాధ్యత) అంటే కంపెనీ దయతలచి ఇచ్చే డబ్బని ఊళ్లో అనుకుంటారు. అర్హత గల కంపెనీ మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం ఖర్చుపెట్టాలనీ, తాను పనిచేసే ప్రాంతానికే ప్రాధాన్యం ఇవ్వాలనీ 2013 కంపెనీల చట్టంలో ఉంది. ఆ ఒక్క వాక్యం పంచాయతీ గోడ మీద తెలుగులో రాసిపెడితే ఎంత బాగుంటుంది!

ఇంగ్లీషు మాటను తన పనికి వాడుకోవడం కోనసీమకు ఎవరూ నేర్పక్కర్లేదు. 2011 ఖరీఫ్‌లో సాగు ఖర్చు కూడా రావడం లేదని ఇక్కడి రైతులు నాట్లు వేయడం మానేశారు. దానికి క్రాప్ హాలిడే అని పేరు పెట్టారు. కూలి, ఎరువు, గిట్టుబాటు ధర, పంట కాలువ, అన్ని బాధలూ ఆ రెండు మాటల్లో పట్టాయి. నాట్లు పడని వరిచేలను చూడటానికి ఎక్కడెక్కడి నుంచో విలేకరులు వచ్చారు. వాళ్ల వెనకే, ప్రభుత్వం వేసిన మోహన్ కందా కమిటీ రైతుల మాట వినడానికి వచ్చింది.