మూడు నెలల చక్కెర లెక్క

షుగరు పరీక్షకు రెండు రోజుల ముందు నుంచి స్వీట్ల వైపు చూడకుండా కూర్చుని, రిపోర్టు బాగా రాగానే జిలేబీ తెప్పించుకునేవాళ్లు చాలా ఇళ్లలో ఉంటారు. హెచ్‌బీఏ1సీ దగ్గర మాత్రం ఆ ఎత్తు పారదు!

రక్తంలోని గ్లూకోజు ఎర్రకణాల్లో ఉండే హిమోగ్లోబిన్‌ అనే ప్రొటీనుకు అంటుకుంటుంది. గట్టిగా అంటుకుందంటే ఆ కణం చచ్చేదాకా వదలదు. ఎర్రకణం ఆయుష్షు సుమారు 120 రోజులు. అందుకే రెండు మూడు నెలల బాగోతం కాసింత రక్తంలోనే బయటపడుతుంది. మధుమేహుల హిమోగ్లోబిన్‌లో ఈ తేడాను 1968లో టెహ్రాన్‌లో శామ్యూల్‌ రహబర్‌ గుర్తించారు.

ల్యాబుల్లో దీన్ని కొలిచే పద్ధతుల్లో పేరున్నది హెచ్‌పీఎల్‌సీ. చక్కెర అంటితే హిమోగ్లోబిన్‌ విద్యుదావేశం కాస్త మారుతుంది. దాంతో యంత్రంలోని సన్నటి గొట్టంలో నింపిన పదార్థాన్ని గట్టిగా పట్టుకోలేక, మామూలు హిమోగ్లోబిన్‌ కన్నా ముందే బయటికొచ్చేస్తుంది. అలా వచ్చింది ఎంత శాతమో యంత్రం లెక్కగడుతుంది.

అయితే ఈ సాక్షి కూడా ఒక్కోసారి పొరబడుతుంది. ఐరన్‌ లోపంతో రక్తహీనత ఉంటే షుగరు లేకపోయినా అంకె కాస్త పెరగొచ్చు. మన ఇళ్లలో ఆడవాళ్లకు రక్తహీనత ఎంత మామూలో తెలిసిందే. ఈమధ్యే రక్తం ఎక్కించుకున్నా, సికిల్‌సెల్‌ ఉన్నా లెక్క తప్పొచ్చు. 6.5 శాతం వస్తే మధుమేహం కిందే చూస్తారు కాబట్టి, గీత దగ్గరున్నవాళ్లు ఆ సంగతి డాక్టరుకు ముందే చెప్పాలి. పరగడుపు పరీక్ష కూడా చేయిస్తే మేలు.

అన్నట్టు, హెచ్‌బీఏ1సీ ఒక్కదానికైతే టిఫిన్‌ చేసే వెళ్లొచ్చు.