కాకి, తాటిపండు, నక్షత్ర చేప

పదేళ్ళ క్రితం మిత్రుల మధ్య ఎంతో ధీమాగా ఒక మాట అన్నాను: "అమెరికా పడమటి తీరంలో నక్షత్ర చేపలను చంపుతున్నది ఒక వైరస్. శాస్త్రజ్ఞులు పట్టేశారు." ఆ మాటను ఇప్పుడు వెనక్కి తీసుకుంటున్నాను. ఎక్కడ పొరబడ్డానో చెప్పుకోవడం కూడా నా బాధ్యతే అనిపించి ఈ నాలుగు ముక్కలు.

2013లో మెక్సికో నుంచి అలాస్కా వరకూ ఇరవైకి పైగా జాతుల నక్షత్ర చేపలకు ఒక మహమ్మారి సోకింది. ఒంటిమీద పుండ్లు, మెలితిరిగి ఊడిపోయే చేతులు, చివరకు శరీరమంతా ముద్దగా కరిగిపోవడం. అన్నిటికన్నా ఘోరంగా దెబ్బతిన్నది, మీటరు వెడల్పు దాకా పెరిగే పొద్దుతిరుగుడు నక్షత్ర చేప. వాటిలో 90 శాతానికి పైగా నశించాయి. వాటికి ఆహారమైన సీ అర్చిన్‌లు అదుపులేక పెరిగి, కెల్ప్ అనే సముద్రపు నాచు అడవులను మేసేశాయి. సముద్రం వేడెక్కడం కూడా తోడై ఉత్తర కాలిఫోర్నియా తీరంలో ఆ అడవులు చాలావరకు మాయమయ్యాయి.

2014లో కార్నెల్ విశ్వవిద్యాలయానికి చెందిన ఇయాన్ హ్యూసన్ బృందం, జబ్బుపడిన జీవుల కణజాలాన్ని బాక్టీరియా దూరలేని వడపోత గుండా పంపి, ఆ ద్రవాన్ని ఆరోగ్యంగా ఉన్నవాటికి ఎక్కించింది. అవి జబ్బుపడ్డాయి. వాటిలో ఒక డెన్సోవైరస్ కనిపించింది. అయితే తరువాతి ప్రయోగాలలో ఇతర జాతులలో అదే ఫలితం రాలేదు. ఆ వైరస్ ఆరోగ్యంగా ఉన్నవాటిలోనూ ఉంది. 1942 నాటి మ్యూజియం నమూనాలలో సైతం దాని జాడ ఉంది! వైరస్ వాదాన్ని ప్రశ్నించినవారిలో హ్యూసన్ కూడా ఒకరు.

2025లో మెలనీ ప్రెంటిస్ తదితరులు అసలు దోషిని చూపారు: విబ్రియో పెక్టెనిసిడా అనే బాక్టీరియా. కలరా కారకానికి దాయాది; మన కోస్తా రొయ్యల రైతులకు విబ్రియో పేరు కొత్త కాదు. జబ్బుపడిన పొద్దుతిరుగుడు నక్షత్ర చేపల శరీరద్రవాన్ని ఆరోగ్యంగా ఉన్నవాటికి ఎక్కిస్తే చనిపోయాయి. అదే ద్రవాన్ని వేడిచేసి గానీ వడపోసి గానీ ఎక్కిస్తే బతికాయి. ఆ బాక్టీరియాను విడిగా పెంచి ఎక్కించినా అదే జబ్బు వచ్చింది.

మన పూర్వులు దీనికో పేరు పెట్టారు: కాకతాళీయ న్యాయం. కాకి వాలింది, తాటిపండు రాలింది. కాకి అక్కడ ఉన్నది నిజమే, పండు రాలినదీ నిజమే. కాకి వల్లనే రాలిందనడం మాత్రం మనం జోడించినది. 2014 నాటి పత్రం శీర్షికలోనే ఆ వైరస్‌కు జబ్బుతో "సంబంధం" ఉన్నదని మాత్రమే ఉంది. ఆ మాటను "కారణం"గా మార్చి ప్రచారం చేసిన నాలాంటి పాఠకులదే పెద్ద తప్పు.

"నిన్న వైరస్ అన్నారు, నేడు బాక్టీరియా అంటున్నారు, వీళ్ళను నమ్మేదెలా?" అని మొన్న ఒక మిత్రుడు ఎత్తిపొడిచాడు. నా దృష్టిలో నమ్మడానికి కారణమే అది. తమ మాటను తామే పరీక్షకు పెట్టి, నిలవకపోతే వదులుకోగలిగినవారిని నమ్మక ఇంకెవరిని నమ్ముతాం?

దోషి ఎవరో తెలియడం ఊరికే పోయే విషయమూ కాదు. అంతరించిపోతున్న ఈ జీవులను కేంద్రాలలో పెంచి సముద్రంలోకి వదిలే ప్రయత్నాలు సాగుతున్నాయి. ఇకపై వదిలేముందు వాటిని ఈ బాక్టీరియా కోసం పరీక్షించవచ్చు, తట్టుకోగలిగినవేవో వెతకవచ్చు. పొరబాటు దోషిని పట్టుకుని కూర్చుంటే ఈ దారి తెరుచుకునేది కాదు.

ఇకమీదట "ఫలానా దానితో సంబంధం ఉందట" అనే వార్త కనిపించినప్పుడు, ముందు ఆ తాటిచెట్టును ఒకసారి తలచుకుందామని నా మనవి.