పట్నం మాట అసెంబ్లీకి ఎవరు చెప్పాలె?

మన చట్టాలు మనమే చేసుకుంటమని కొట్లాడినం. 2014 జూన్ 2న రాష్ట్రం వచ్చింది. మరి హైదరాబాద్‌కు ఏ చట్టం కావాలో ఆ నగరమే చెప్పుకునే దారి ఏది?

అమెరికాలోని సియాటెల్‌ల మనోళ్లు చాలామంది ఉన్నరు. అక్కడి నగర పాలన, రాష్ట్ర శాసనసభ కూర్చోకముందే తనకు కావలసిన చట్టాల జాబితా తయారు చేసుకుంటది. ముఖ్యమైనవి ఏరుతది, నగర మండలి ఆమోదిస్తది. ఆ కాగితం పట్టుకొని రాజధాని ఒలింపియాకు పోయి అడుగుతది.

ఇక్కడో? 1993ల అమల్లోకి వచ్చిన 74వ రాజ్యాంగ సవరణ 18 బాధ్యతల పట్టిక రాసింది. కానీ శాసనసభ వాటిని నగరాలకు ‘అప్పగించవచ్చు’ అన్నదే తప్ప ‘అప్పగించాలి’ అనలేదు. ఆ ఒక్క మాట చాటున ప్రభుత్వాలు మారినా పెత్తనం మారలేదు. మంచినీళ్లు 1989 చట్టంతో జలమండలికి, మహానగర ప్రణాళిక 2008 చట్టంతో హెచ్‌ఎండీఏకు పోయినయి. నల్లా రాకుంటే బస్తీ ఆడోళ్లు బిందెలతో పోయేది మాత్రం ఓట్లేసిన కార్పొరేటర్ ఇంటికే. ఆయన చేతిల ఏమున్నది?

మేం గొంతెమ్మ కోరికలు కోరుతలేం. ప్రతి బడ్జెట్ సమావేశాలకు ముందు బస్తీల గోస వార్డు కమిటీలల్ల, అక్కడి నుంచి కౌన్సిల్‌ల చర్చకు రావాలె. ఐదారు డిమాండ్లు తీర్మానమై అసెంబ్లీ ముందుకు పోవాలె. కాదంటే ఎందుకు కాదో సర్కారు రాసివ్వాలె.

ఢిల్లీ మన మాట వింటలేదని రోడ్డెక్కినోళ్లం. సచివాలయం పట్నం మాట వినకుంటే ఊకుంటమా? విద్యార్థులారా, ఉద్యోగులారా, మీ వార్డు నుంచే అడుగుడు మొదలుపెట్టుండ్రి!