సోయికొచ్చినంకనే ఎక్కువ పైలముండాలె

ఊర్ల ఒక పోరడు ఉన్నట్టుండి ఎవరో ఎంబడిస్తున్నరంటడు. ఎవ్వరికీ వినవడని మాటలు తనకు వినవడుతున్నయంటడు. గాలి సోకిందని తాయెత్తు కడ్తరు. ఆఖరికి దవాఖానకు తీస్కపోతరు. గోలీలు వాడినంక కేకలు బంద్ అయితయ్. 'ఇగ మంచిగైండు' అని ఇంటోళ్లు ఊపిరి పీల్చుకుంటరు. పైలముండాల్సింది గప్పుడే.

స్కిజోఫ్రెనియా ఉన్నోళ్లల్ల నూటికి దాదాపు 5 మంది ఆత్మహత్యతోని పోతున్నరని అంచనా. జబ్బు మొదలైన తొలి ఏండ్లల్ల, దవాఖాన నుంచి ఇంటికొచ్చిన కొత్తల ఈ ప్రమాదం ఎక్కువ.

ఎందుకంటే, భ్రమలు తగ్గినంత జల్ది మెదడు పనితనం తిరిగిరాదు. ధ్యాస నిలవదు. చెప్పింది యాదికుండదు. పని ఏడ మొదలువెట్టాల్నో తోచదు. ఇది బద్దకం కాదు, జబ్బుల భాగమే. ఇప్పుడున్న మందులు భ్రమలను తగ్గించినంతగ దీన్ని తగ్గియ్యలేవు.

తెలివి తగ్గినోళ్లకే ముప్పెక్కువని మనం అనుకుంటం. కానీ మంచిగ చదువుకొని, తనకొచ్చిన జబ్బేందో, తను ఏం పోగొట్టుకుండో తెలిసినోళ్లకే ముప్పెక్కువని కొన్ని పరిశోధనలల్ల తేలింది. అందరి సంగతి ఒక్కతీరుగ ఉండదు. సోయి ఒక్కటే మనిషిని చంపదు, దానికి నిరాశ తోడైతేనే ప్రమాదం. డిగ్రీ చదివినోడు చిల్లర లెక్క తప్పితే 'అంత చదివి గిదేనా' అంటం సూడు, ఆ నిరాశను మనమే పెంచుతున్నం.

2015-16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం సైకోసిస్ ఉన్నోళ్లల్ల నలుగురిలో ముగ్గురికి వైద్యమే అందుతలేదు. అందినోళ్లకు కూడా గోలీల కాడనే ఆగితే సాలదు. ధ్యాసకు, యాదికి కసరత్తు నేర్పే శిక్షణ ఉన్నది. చేయగలిగిన పనిల కుదురుకునేతందుకు సాయం కావాలె. ఆత్మహత్య ఆలోచనలు వదలనోళ్లకు క్లోజపిన్ అనే మందు ఉన్నది. రక్తపరీక్షలు చేసుకుంట డాక్టరే ఇయ్యాలె. ఇవన్నీ జిల్లా దవాఖానల దాక రావాలని అడగాల్సింది మనమే.

ఆత్మహత్యకు యత్నించినోళ్లను నేరస్తులుగ సూడొద్దని, వాళ్లకు వైద్యం, పునరావాసం సర్కారు బాధ్యతేనని 2017 మానసిక ఆరోగ్య చట్టం చెప్తున్నది.

మీ దోస్తు మంచిగై ఇంటికొస్తే పక్కన కూసోండ్రి. ఒక్కసారి ఒక్క పనే చెప్పుండ్రి. గోలీలు సొంతంగ ఆపనియ్యకుండ్రి. అనుమానమొస్తే 'సచ్చిపోవాలని అనిపిస్తున్నదా' అని నేరుగ అడగుండ్రి. అడిగితే ఆ ఆలోచన పుట్టదు, మనసుల బరువు దిగుతది. అవునంటే ఒంటరిగ ఇడిసిపెట్టకుండ్రి, డాక్టరు కాడికి తీస్కపోండ్రి. రాత్రయినా పగలయినా టెలీ మానస్ 14416కు ఫోన్ కొట్టుండ్రి. పైసలు పడయి, తెలుగుల మాట్లాడొచ్చు.